పెట్రోలు పైపులూ మేస్త్రి ముక్కూ

వేట నిషేధం ఉన్న రెండు నెలలూ మా ఊళ్లో మగవాళ్లకు పని ఉండదు. పనిలేని మగవాళ్లకు ఎన్ని విషయాలు తెలుసో చూడాలంటే మే నెలలో మా పల్లెకు వచ్చి, వీధిలో ఒక కారు బానెట్టు ఎత్తి నిలబడితే చాలు. ఐదు నిమిషాల్లో పదిమంది చేరతారు. వాళ్లలో తొమ్మిదిమంది జన్మలో స్టీరింగు పట్టుకొని ఉండరు. పదోవాడు ఒక్కసారి పట్టుకొని పంట కాలవలో దించి ఉంటాడు. సలహా చెప్పడంలో మాత్రం ఒకడికి ఒకడు తీసిపోడు. పదిమందీ పది రకాలుగా చెబుతారు, అదీ సముద్రం మీద పక్క పడవకు వినిపించేలా అరిచి చెబుతారు.

ఆ ఏడు వాళ్లకు దొరికింది నా కారు.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయ్యాను. మా వీధిలో జీతం తెచ్చుకున్న మొదటి ఆడదాన్ని, కారు నడిపిన మొదటి ఆడదాన్ని కూడా. ఈ రెండూ నా నోటికి పదును పెట్టాయని మా వాళ్లంటారు. నిజమే కావచ్చు. ముప్పైయేళ్లు ఎనిమిదో తరగతి పిల్లలకు పీడనం అంటే ఏమిటో చెప్పినదాన్ని, వాళ్ల తండ్రులు వచ్చి నాకు పీడనం గురించి చెబుతుంటే చేతులు కట్టుకొని వినాలా?

ఆ కారును రొయ్యల చెరువులున్న ఒక పెద్దమనిషి దగ్గర కొన్నాను. తొంభైల్లో విదేశం నుంచి వచ్చిన బండి. ఆ రోజుల్లో దాన్ని చూడటానికి జనం రోడ్డు మీదికి వచ్చేవారట. ఆ మహానుభావుడు దాని వెనక సీటు మీద మేత బస్తాలు వేసి గట్ల మీద తిప్పాడు. చేతికి డబ్బు వచ్చింది, ఆ చేతిలో ఉన్నదేమిటో తెలిసే జ్ఞానం మాత్రం రాలేదు. ఇంకా పెద్ద బండి కొన్నాక దీన్ని వదిలించుకున్నాడు. నేను కొన్నానని తెలిసి మా ఊరి మగవాళ్లు నవ్వారు. ఆ నవ్వు విన్నాక ఇక అమ్మే ప్రసక్తే లేదని తీర్మానించుకున్నాను.

అది ఇంజెక్షన్ బండి. పాత కార్లలో పెట్రోలు మెల్లగా జారుతూ ఇంజన్లోకి పోతుంది. ఇందులో అలా కాదు. ట్యాంకులో ఉన్న పంపు బలంగా తోస్తుంది, పెట్రోలు ఒత్తిడితో వచ్చి సన్నటి తుంపరగా పడుతుంది. ఆ ఒత్తిడినంతా పట్టుకొని ఉండేవి నాలుగైదు రబ్బరు పైపులు. ముప్పైయేళ్ల రబ్బరు అది. దానికి తోడు మా ఉప్పుగాలి ఒకటి, ఈమధ్య పెట్రోల్లో కలుపుతున్న ఇథనాలు ఒకటి. ఒక సాయంత్రం నెల్లూరు నుంచి వస్తూ ఇందుకూరుపేట దాటగానే నాకు గుప్పున పెట్రోలు వాసన వచ్చింది. బండి పక్కకు ఆపాను.

"బావా, పెట్రోలు కంపు కొడతా ఉండాది. దిగి చూడు," అన్నాను.

బావ అంటే మా మేనత్త కొడుకు, నా మొగుడు. పడవ ఇంజన్లకు మేస్త్రి. ఈ తీరంలో ఏ పడవ ఇంజను మొరాయించినా ఆయన కోసమే మనిషి వస్తాడు. ఆయన దిగి, బానెట్టు ఎత్తి, ఇంజను మీదికి వంగి, కళ్లు మూసుకొని, ముక్కు ఎగబీల్చి, కాసేపు అలాగే ఉండి లేచాడు.

"ఏం లేదుమే. ముందు పోయినోడి మోటారుసైకిలు కంపు అది. పోనీ."

ఆ వంగడం, కళ్లు మూసుకోవడం మా ఊళ్లో పెద్ద తంతు. చిన్న పడవల వెనక తగిలించే ఇంజన్లు పెట్రోలుతో స్టార్టయి కిరసనాయిలుతో నడుస్తాయి. నిషేధం ముగిసి పడవలు మళ్లీ నీళ్లలోకి దిగే పొద్దున, ప్రతి పడవ దగ్గరా మేస్త్రి వంగి ఇంజను వాసన చూడాలి. ఆయన ముక్కుకు ఏమీ తగల్లేదంటేనే "దించండి" అంటాడు. అప్పుడే కొబ్బరికాయ కొట్టి పడవను తోస్తారు. మా మామ వాసన చూసేవాడు, ఆయన తర్వాత మా బావ. సముద్రం మధ్యలో పడవ అంటుకుంటే దిగి పరిగెత్తడానికి నేల ఉండదు కాబట్టి జాగ్రత్త మంచిదే. కానీ దానికి ఒక మనిషి ముక్కును దేవుడి ముక్కులా కొలవాలా? ఈ మాట నేను వాళ్ల ముందే ఎన్నోసార్లు అన్నాను. మీటర్లు, గేజీలు ఉన్న కాలంలో ముక్కుతో మెకానిజం చేసే జాతి మనదొక్కటే అని కూడా అన్నాను. బావ నవ్వి ఊరుకునేవాడు.

మరునాడు పొద్దున నేనే బానెట్టు ఎత్తి, టార్చి వేసి చూశాను. ఇంజను వెనక, మనం కూర్చునే చోటుకు అడ్డంగా ఉండే రేకు గోడ వైపున్న పైపు కింద అంతా చెమ్మ. వేలితో నొక్కితే రబ్బరు మీద నెరియలు విచ్చుకున్నాయి. బావను పిలిచి చూపించాను. నిన్న ఏమీ లేదన్న మనిషి ఇవాళ ఏమంటాడో విందామని నాకు సరదాగా కూడా ఉంది.

"ఓ, ఇదా," అన్నాడు. లోపలికి పోయి సైకిలు ట్యూబు నుంచి కోసిన పట్టీ ఒకటి, వల నేసే నైలాను తాడు ఒకటి తెచ్చాడు. పట్టీని సాగదీసి పైపు చుట్టూ బిగించి, పైన తాడుతో ముడి వేశాడు. మా బావ దృష్టిలో ఈ లోకంలో కారేది ఏదైనా ట్యూబు పట్టీతో ఆగిపోవాల్సిందే. డీజిలు ఇంజనైనా, నీళ్ల మోటారైనా, మా ఇంటి గ్యాసు స్టవ్వైనా ఒకటే వైద్యం. పక్కరోజుకు ఆ పట్టీ పెట్రోల్లో నాని, ఉబ్బి, జిగురు కారుతూ వేలాడింది. దాన్ని పుల్లతో ఎత్తి ఆయన ముందు పడేశాను.

"ఇది పడవ కాదు బావా. లోపల ప్రెషరుంటాది. చిమ్మితే బండితో పాటు మనమూ కాలిపోతాం."

"సరేమే, కొత్తవి ఏద్దాం," అన్నాడు. పని దగ్గర ఎప్పుడూ వాదించే మనిషి ఆ రోజు వాదించలేదు. నా మాటకు విలువ ఇచ్చాడనుకున్నాను.

నెల్లూరులో స్పేరు పార్టుల అంగళ్లు ఒక వీధి పొడుగునా ఉన్నాయి. అన్నిటిలోనూ ఒకే మనిషి కూర్చున్నట్టు ఉంటుంది. నేను అడిగితే బావ వైపు చూసి జవాబు చెప్పేవాడు. పైపు లోపలి కొలత చెప్పి, ఇంజెక్షన్‌కు పనికొచ్చేది కావాలన్నాను. ఒకతను చుట్ట నుంచి ఒక నల్ల పైపు కోసి బల్ల మీద పెట్టాడు. దాని మీద రాసింది చదివాను. అది పాతరకం బండ్లకు, ఒత్తిడి లేని చోట వేసే పైపు.

"ఇది కాదు. ఇది ప్రెషరుకు ఆగదు."

"పెట్రోలు పైపంటే పెట్రోలు పైపే మేడమ్. లోపల పొయ్యేది పెట్రోలే గదా," అని బావ వైపు చూసి నవ్వాడు.

"కుళాయి పైపులో పొయ్యేదీ నీళ్లే, ఫైరింజను గొట్టంలో పొయ్యేదీ నీళ్లే. మీ అంగడి అంటుకుంటే కుళాయి పైపు పట్టుకురమ్మంటారా?"

అతను నవ్వు ఆపి, "పైపు మీద రాసింది ఎవరు చదవతారు మేడమ్," అన్నాడు. ఆ ఒక్క మాటా నిజం చెప్పాడు. పైపులు అమ్మేవాడు చదవడు, కొనేవాడు చదవడు, బిగించేవాడికి చదువు రాదు. తగలబడిన బండి ఫొటో పేపర్లో పడితే మాత్రం అందరూ చదువుతారు.

చివరికి చెన్నైలో పాత విదేశీ బండ్ల సామాను దొరికే చోటు ఒకటి కనుక్కొని ఫోను చేశాను. అరవం కలిసిన తెలుగులో మాట్లాడాడు అవతలి మనిషి. ఆడమనిషినని ఆశ్చర్యపోలేదు. లోపలి కొలత ఎంత, ఎన్ని అడుగులు కావాలి, ఏ క్లిప్పులు వేస్తారని వరసగా అడిగాడు. పాతరకం క్లిప్పు పట్టీ నిండా గాట్లుంటాయని, బిగించేకొద్దీ అవి రబ్బరును కోస్తాయని చెప్పి, అంచులు నున్నగా ఉండే క్లిప్పులు కూడా పంపాడు. ఆ నెలంతా నేను తిట్టుకోని మనిషి అతనొక్కడే.

పైపులు బస్సు పార్సిల్లో వచ్చేసరికి జూను మొదలైంది. నిషేధం ముగియడానికి ఇంకా పది రోజులుంది. పొద్దున్నే బండిని వేపచెట్టు నీడలోకి తెచ్చి బానెట్టు ఎత్తాను. సభ చేరింది. మొదట పైపుల్లో ఉన్న ఒత్తిడి దించాలి. దానికి పంపు ఫ్యూజు పీకేసి ఇంజను స్టార్టు చేస్తే, పైపుల్లో మిగిలిన పెట్రోలు తాగి అదే ఆగిపోతుంది. నేను అలాగే చేశాను. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది.

"ఆగిపోయిందే! చెడగొట్టిందిరా టీచరమ్మ," అని వెనక నుంచి ఒకడు.

"బ్యాటరీ డౌనైంటాది."

"కాదబ్బా, ప్లగ్గుల్లో నీళ్లు పోయుంటాయి."

వెనక్కి తిరిగి చూస్తే ఒకడు బీడీ వెలిగించుకొని, ఇంకాస్త బాగా కనబడాలని ముందుకు వస్తున్నాడు. ఆర్పమన్నాను. "దూరంగానే ఉండా గదా టీచరమ్మా," అన్నాడు. పక్కనున్న బకెట్లో చెంబు ముంచి ఆ బీడీ మీద నీళ్లు పోశాను. అప్పుడు బీడీ అతని నోట్లోనే ఉంది. మిగతావాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. నాకు చాలా హాయిగా అనిపించింది.

పాత పైపులు ఊడదీయడం నా వల్ల కాలేదు. రబ్బరు లోపలి ఇనప గొట్టానికి కరుచుకుపోయింది, క్లిప్పులు తుప్పుతో ముద్దయిపోయాయి. బావ వచ్చి బ్లేడుతో పైపును పొడుగునా కోసి, మడతపెట్టి, లోపలి గొట్టం మీద గీత కూడా పడకుండా ఒలిచేశాడు. ఆయన చేతుల మీద నాకు ఎప్పుడూ ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదంతా ఆ చేతులకు పని చెప్పే తలకాయ మీద. ఊడిన పైపును వంచితే ఎండుచేపలా ఫెళ్లున విరిగింది. దాన్ని ఎత్తి సభకు చూపించాను.

ముందు వైపు పైపులు నేను చెప్పినట్టే వేశాడు. వెనక గోడ వైపు పైపు ఒక్కటి మిగిలింది. చేతులు కడుక్కొని మంచినీళ్లు తెస్తానని నేను లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అదీ బిగించేసి, చేతులు గుడ్డకు తుడుచుకుంటున్నాడు. ఫ్యూజు మళ్లీ పెట్టి, డ్రైవరు సీట్లో కూర్చున్నాను. స్టార్టు చేయకుండా తాళం సగం తిప్పితే పంపు ఒకసారి గుర్రుమని పైపులు నింపుతుంది. కారుతుంటే అప్పుడే తెలుస్తుంది. తిప్పాను. బావ బానెట్టు కింద వంగి, కళ్లు మూసుకొని, ముక్కు ఎగబీల్చాడు. మళ్లీ తిప్పమన్నాడు. మళ్లీ తిప్పాను.

"ఏం లేదుమే! స్టార్టు చెయ్!"

అదే క్షణాన తెరిచిన అద్దంలో నుంచి నాకు వాసన కొట్టింది. ఘాటుగా, కళ్లు మండేంతగా. అప్పుడే చెట్టు కింద నుంచి ముగ్గురు నలుగురు ఒక్కసారిగా "స్టార్టు చెయ్యబాక టీచరమ్మా! తాళం పీకు!" అని అరిచారు. ఒకడు పరిగెత్తుకొచ్చి బావను జబ్బ పట్టి వెనక్కి లాగాడు. నేను తాళం పీకి దిగాను.

వెనక పైపు సగం జారి ఊడింది. పెట్రోలు ఇంజను వెనక నుంచి కారి, కింద ఇసుకలో మడుగు కట్టింది. బావ ఆ మడుగులో నిలబడే వాసన చూశాడు. ఆయన లుంగీ అంచు తడిసి కాలికి అతుక్కుపోయి ఉంది.

"నీ కాళ్ల కింద ఏముందో చూసుకున్నావా బావా?" అన్నాను.

ఆయన తల వంచి కిందికి చూశాడు. చూశాకే ఆయన మొహం మారింది. అప్పుడు నాకు అర్థమైంది. నాకు ఐదడుగుల అవతల కళ్లు మండుతుంటే, అందులో నిలబడ్డ మనిషి కళ్లతో చూస్తే గానీ తెలుసుకోలేకపోయాడు.

వెనక్కి తిరిగి చూస్తే చెట్టు కింద ఒక్కడూ నిలబడటం లేదు. వలలు బాగుచేసుకోవాలని ఒకడు, ఇంట్లో పిలుస్తున్నారని ఒకడు, గొణుక్కుంటూ వెళ్లిపోయారు. నెల రోజులు సలహాలు ఇచ్చినవాళ్లు సాయం అవసరమయ్యేసరికి జారుకున్నారనుకొని, మనసారా తిట్టుకున్నాను.

మడుగు మీద ఇసుక పోసి, లుంగీ మార్పించి, బావను వరండాలో కూర్చోబెట్టాను.

"ఎప్పట్నించి?"

ఆయన వేళ్లు చూసుకున్నాడు. "కరోనా వచ్చినప్పుడు వాసన పోయిందిమే. అందరికీ మళ్లీ వచ్చింది. నాకు రాలేదు."

"నాలుగేండ్లు! నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమంటావో నాకు తెలవదా," అన్నాడు.

ఆ మాటను నేను పట్టించుకోలేదు. నా తల నిండా పడవలు తిరుగుతున్నాయి. నాలుగేళ్లుగా ప్రతి జూనులోనూ ఈ మనిషి ఒక్కో ఇంజను మీదికి వంగి, కళ్లు మూసుకొని, ఏమీ తెలియకుండానే "దించండి" అన్నాడు. ఆ మాట నమ్మి ఎన్ని ఇళ్ల మగవాళ్లు సముద్రం మీదికి పోయారో తలుచుకుంటే నా ఒళ్లు జలదరించింది. తర్వాత ఒళ్లు మండింది.

"వట్టినే చెప్పలేదుమే," అన్నాడు నెమ్మదిగా. "ప్రతి జాయింటూ ఏలితో తడుముతా. పేపరు ముక్క అద్ది చూస్తా. తడి కనబడితే ఊడదీపించి మళ్లీ కట్టిస్తా."

"ఆవిరి ఏలికి తగుల్తాదా? పేపరుకు అంటుతాదా? సిగ్గు లేదా నీకు? మనుషుల ప్రాణాలతో ఆడుకుంటా మేస్త్రినని మీసం తిప్పుకుంటావా?"

ఇంకా చాలా అన్నాను. నాకు తిట్టడం బాగా వచ్చు. ముప్పైయేళ్లు క్లాసులో సాధన చేశాను. చివరికి నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "ఈ సంగతి తెలిస్తే నన్నింక ఎవురు పిలస్తారుమే? ఇంకో పని తెలుసా నాకు?" అని మాత్రం అన్నాడు.

"ఎవురూ పిలవకపోతే ఇంట్లో కూర్చో. పడవలు దించే పొద్దున నువ్వే అందరి ముందరా చెప్పాల. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా," అన్నాను. లేచి బండి దగ్గరికి వెళ్లిపోయాను.

ఊడిన పైపు చివర చూస్తే లోపల తెల్లగా, నున్నగా ఉంది. సబ్బు. పడవల దగ్గర పైపు తేలిగ్గా ఎక్కడానికి చివర బట్టల సబ్బు రుద్దుతారు. ఒత్తిడి లేని చోట ఆ సబ్బే ఎండి, సందు మూసి, కారకుండా కూడా కాపాడుతుంది. పెట్రోలుకు సబ్బు కరగదు కాబట్టి మా వాళ్లకు దాని మీద అంత గురి. కానీ పంపు వెనక నుంచి తోస్తుంటే ఆ సబ్బు మీదే పైపు జారి బయటికొచ్చింది. సబ్బంతా తుడిచి, గొట్టాన్ని పొడిగుడ్డతో రుద్ది, దాని చివరనున్న ఉబ్బెత్తు అంచు దాటేదాకా పైపు తోసి, ఆ అంచుకు వెనక క్లిప్పు బిగించాను. గంట పట్టింది. వేళ్ల చర్మం లేచిపోయింది. బావ వరండాలో నుంచి చూస్తూనే ఉన్నాడు గానీ లేచి రాలేదు. తాళం నాలుగుసార్లు తిప్పి, నాలుగుసార్లూ నేనే దిగి వాసన చూశాను. ఏమీ లేదు. బండి స్టార్టయి చక్కగా తిరిగింది. సంతోషం మాత్రం కలగలేదు.

ఆ మధ్యాహ్నం చేపల పులుసు వడ్డించాను. బావ అలవాటు కొద్దీ కంచం ముందు కూర్చోగానే, "ఘుమఘుమలాడతా ఉండాదిమే," అన్నాడు. అనేసి, నా మొహం చూసి, తల దించుకున్నాడు. నాలుగేళ్లుగా ప్రతిరోజూ ఆ మాట అంటున్నాడని, ప్రతిరోజూ నేను దాన్ని నమ్మి మురిసిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే నా పట్టు సడలుతుందని వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా తోమాను.

తర్వాత పది రోజులూ ఆయన సరిగా తినలేదు. రోజూ సముద్రం దాకా నడిచి వెళ్లి, పడవలను దూరం నుంచి చూసి తిరిగొచ్చేవాడు. ఒకరిద్దరు పిలవడానికొస్తే ఒంట్లో బాగాలేదన్నాడు. నేను మెత్తబడలేదు. నేను చేస్తున్నది న్యాయమని నాకు గట్టి నమ్మకం. మా వాళ్ల ప్రాణాలు కాపాడటానికి మా ఊళ్లో తెలివి ఉన్నది నాకొక్కదానికే అని కూడా అనుకున్నాను.

నిషేధం ముగిసిన పొద్దున ఆయన వెనకే నేనూ ఒడ్డుకు వెళ్లాను. అప్పుడే తెల్లవారింది. పడవలకు పసుపు కుంకుమ పెట్టి, మాలలు కట్టి వరసగా నిలిపారు. మొదటి పడవ మా వీధి పెద్దాయనది. డెబ్బై దాటిన మనిషి, బావకు వరసకు పెదనాన్న. నన్ను చూసి మగవాళ్లంతా మాటలు ఆపారు. నేను చెప్పాల్సిన మాటలన్నీ మనసులో వరసగా పేర్చుకొని, బావ చెప్పకపోతే మొదలుపెట్టడానికి సిద్ధంగా నిలబడ్డాను.

"చూడబ్బయ్యా," అన్నాడు పెద్దాయన.

బావ ఇంజను మీదికి వంగాడు. కళ్లు మూసుకోలేదు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. ఆ వీపు చూస్తే నాకే భయం వేసింది. తర్వాత లేచి నిలబడ్డాడు.

"పెదనాయనా, నాకు వాసన తెలవదు. నాలుగేండ్లయింది. మీకందరికీ అబద్ధం చెప్పినా," అన్నాడు.

గొడవ అవుతుందనుకున్నాను. ఎవరో ఒకరు ఆయన చొక్కా పట్టుకుంటారని, నేను అడ్డం పడాల్సి వస్తుందని కూడా అనుకున్నాను. అదేమీ జరగలేదు. పెద్దాయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"తెలుసులే అబ్బయ్యా," అన్నాడు.

బావ అర్థం కానట్టు చూశాడు.

"రెండో ఏడే అందరికీ తెలిసింది. నీ పక్కనే కిరసనాయిలు డబ్బా ఒలికి ఇసకంతా తడిసిపోతే, నువ్వు తిరిగి కూడా చూడ్లా. అప్పట్నించి ముందు రోజు సాయంత్రమే మేం ముగ్గురం ఒక్కో ఇంజనూ వాసన చూసుకుంటా ఉండాం. నిన్న కూడా చూసినాం. అన్నీ బాగుండాయి."

"మరి నన్నెందుకు పిలవడం?"

"ఏలితో తడిమి నువ్వు పట్టినవి మా ముక్కులకు తెలీలేదబ్బయ్యా, రెండు మూడుసార్లు. అయినా మేస్త్రివి నువ్వు. నిన్ను పిలవకుండా పడవ ఎట్టా దించేది?"

పేర్చుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. వాటిలో ఒక్కటీ పనికొచ్చేది లేదు. అయినా నా నోరు ఊరుకోదు కదా.

"ఊరందరికీ తెలిసినప్పుడు నాకొక్కదానికే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

అందరూ ఇసుకలోకి చూశారు. చివరికి పెద్దాయనే నెమ్మదిగా అన్నాడు. "తప్పుగా అనుకోబాకమ్మా. నీ చెవిన పడకూడదని మేమే అనుకున్నాం. నీకు తెలిస్తే ఆయన్ను ఎన్ని మాటలంటావో అని. ముక్కు పోయిందనే దిగులు చాలదా ఆయనకు."

కోపంతో అని ఉంటే తట్టుకునేదాన్ని. ఆయన జాలిగా అన్నాడు. మూడేళ్లుగా ఈ మగవాళ్లు, నేను మూర్ఖులని వెక్కిరించినవాళ్లు, రెండు పనులు చేశారు. తమ ప్రాణాలు తాము చూసుకున్నారు. నా మొగుణ్ణి నా నోటి నుంచి కాపాడారు. రెండూ ఎవరికీ తెలియకుండా, చప్పుడు లేకుండా చేశారు. నేనేమో ఆయన పక్కనే పడుకొని, ఆయనకు వండిపెట్టి, ఏమీ తెలుసుకోలేకపోయాను. పది రోజుల క్రితం వరండాలో ఆయనను అన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చి, నాకు నిలువునా సిగ్గేసింది. తల ఎత్తలేకపోయాను.

"ఆమెనేం అనబాకండి," అన్నాడు బావ. తర్వాత నా వైపు తిరిగి, "దామే. నువ్వూ ఒకసారి చూసి చెప్పు. అప్పుడు దించుదాం," అన్నాడు.

పడవ దగ్గరికి వెళ్లి, ఆయన వంగినట్టే ఇంజను మీదికి వంగాను. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. ఎంత ఎగబీల్చినా పెట్రోలు లేదు, చేపలు లేవు, సముద్రం కూడా లేదు. లేచి నిలబడి, ఆ మగవాళ్లందరి ముందూ నిజం చెప్పాను.

"నాకేం తెలవడంలా బావా."

"సరేలేమే. నిన్న సాయంత్రం వాళ్లు చూసినారు గదా," అన్నాడు బావ. ఒక్కో జాయింటూ వేలితో తడిమి, పడవ దించమని వాళ్లకు చెప్పాడు.